ఒకే ప్యాకేజీ... రెండు వెర్షన్లు!

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో డిపెండెన్సీ గొడవలు మామూలే. '--ఫోర్స్' కొట్టి దాటేయడం కాదు, కారణం పట్టుకోవడం నేర్చుకుంటే ఉద్యోగంలో మొదటి రోజు నుంచే పనికొస్తుంది.

రెజ్యూమేలో గిట్‌హబ్ లింకు పెట్టారు. రియాక్ట్‌తో చేసిన ఫైనలియర్ ప్రాజెక్టు. మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. ఇంటర్వ్యూ చేసే సీనియర్ ఆ కోడ్‌ను తన మెషీన్‌లోకి దించుకుని 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' అని కొట్టారనుకోండి. తెర నిండా ఎర్రర్లు. మొదటి లైన్లోనే 'ఈరిజాల్వ్' అనే మాట. మీరు నెలల తరబడి రాసిన కోడ్‌లో ఒక్క లైను కూడా నడవకముందే మీ మీద ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది.

నిజానికి మీ కోడ్‌లో తప్పేమీ ఉండకపోవచ్చు. గొడవ మీరు వాడిన ప్యాకేజీల మధ్య, లేదా అవి తమ వెంట తెచ్చుకున్న ప్యాకేజీల మధ్య ఉంటుంది. చాలామంది దీనికి చేసే వైద్యం ఒకటే. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టడం. అప్పటికీ కుదరకపోతే నెట్‌లో ఎవరో చెప్పిన '--ఫోర్స్' తగిలించడం. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర మింగినట్టే ఇది. ఒక్కోసారి తగ్గుతుంది. తగ్గకపోతే మాత్రం ఏం చేయాలో తెలియదు.

అసలు గొడవ ఎక్కడ పుడుతుంది? ఎర్రర్ మెసేజ్ ఏం చెబుతోంది? ఏ వరుసలో సరిచేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

పిలిచింది పదిమందిని... వచ్చింది ఊరంతా

మీ ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైల్ తెరిచి చూడండి. అందులో మీరు స్వయంగా ఇన్‌స్టాల్ చేసినవి పదో పదిహేనో ఉంటాయి. ఇప్పుడు నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తెరవండి. వందల ఫోల్డర్లు కనిపిస్తాయి. పెళ్లికి పది శుభలేఖలు పంచితే ఒక్కో ఇంటి నుంచి చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు వచ్చినట్టు, ఒక్కో ప్యాకేజీ తనకు కావాల్సిన వాటిని వెంట తెచ్చుకుంటుంది. మీరు నేరుగా పిలిచినవి డైరెక్ట్ డిపెండెన్సీలు. వాటి వెంట వచ్చినవి ట్రాన్సిటివ్ డిపెండెన్సీలు. అన్నీ కలిస్తే డిపెండెన్సీ ట్రీ.

ఈ చెట్టు లోతు ఎంతుంటుందో ప్రపంచానికి 2016 మార్చిలో తెలిసొచ్చింది. 'లెఫ్ట్-ప్యాడ్' అనే ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తొలగించాడు. అందులో ఉన్న కోడ్ 11 లైన్లే. ఒక పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చడం దాని పని. అయినా బేబెల్ లాంటి పెద్ద టూల్స్ లోతుల్లో ఎక్కడో అది ఉండటంతో ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. దాని పేరే వినని డెవలపర్లు కూడా ఇబ్బంది పడ్డారు. ఎన్‌పీఎం దాన్ని వెంటనే తిరిగి అందుబాటులోకి తేవాల్సి వచ్చింది.

మనం పిలవని ప్యాకేజీ కూడా మన ప్రాజెక్టును ఆపగలదు. అందుకే చెట్టులో పైకొమ్మ ఒక్కటే తెలిస్తే చాలదు.

మూడు అంకెల్లో ఒక మాట

వెర్షన్ల గొడవ అర్థం కావాలంటే ముందు వెర్షన్ నంబరు చదవడం రావాలి. 4.12.3 అని ఉందనుకోండి. మొదటి అంకె మేజర్. అది మారితే పాత కోడ్ పనిచేయకపోవచ్చని అర్థం. రెండోది మైనర్. కొత్త సౌకర్యాలు చేరాయి, పాతవి చెడలేదని. మూడోది ప్యాచ్. బగ్‌లు సరిచేశామని. ఈ పద్ధతినే సెమాంటిక్ వెర్షనింగ్, క్లుప్తంగా సెమ్‌వర్ అంటారు. ఇది ప్యాకేజీ రాసినవాళ్లు ఇచ్చే మాట మాత్రమే. మాట తప్పేవాళ్లూ ఉంటారని గుర్తుంచుకోండి.

ప్యాకేజ్ డాట్ జేసన్‌లో నంబరు ముందు ^ అనే గుర్తు చూసే ఉంటారు. దీన్ని క్యారెట్ అంటారు. ^4.12.3 అంటే 4.12.3 నుంచి 5.0.0 లోపు ఏదైనా పర్లేదని. ~4.12.3 అంటే 4.12 వరుసలోనే ఉండాలి, ప్యాచ్ మాత్రమే మారొచ్చని. గుర్తు లేకుండా నంబరు మాత్రమే రాస్తే సరిగ్గా అదే కావాలని.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. మేజర్ అంకె సున్నా అయితే క్యారెట్ లెక్క మారుతుంది. ^0.21.0 అంటే 0.22.0 లోపు మాత్రమే. యాక్సియోస్ ప్యాకేజీ 2022 వరకు 0 వరుసలోనే ఉండేది. మీ ప్రాజెక్టులో ఒక లైబ్రరీ యాక్సియోస్ ^0.21.0 అడిగి, ఇంకొకటి ^0.27.0 అడిగితే, చూడటానికి రెండూ దగ్గరగానే ఉన్నట్టుంటాయి. కానీ ఇద్దరికీ సరిపోయే వెర్షన్ ఒక్కటి కూడా లేదు. ఫలితం, రెండు కాపీలు.

ఒకే ఇంట్లో రెండు కాపీలు ఎలా?

పైథాన్ చేసినవాళ్లకు ఇక్కడ సందేహం వస్తుంది. అక్కడ ఒక ఎన్విరాన్‌మెంట్‌లో ఒక ప్యాకేజీకి ఒకే వెర్షన్ ఉంటుంది కదా? అవును. నోడ్‌లో అలా కాదు. ఒకే ప్యాకేజీ వేర్వేరు వెర్షన్లు పక్కపక్కనే బతకగలవు.

మనకు తెలిసిన లెక్కలో చెప్పుకుందాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో ఆర్18 రెగ్యులేషన్ వాళ్లు, ఆర్22 వాళ్లు ఒకే ఫ్లాట్‌లో అద్దెకుంటున్నారు. హాల్లో అందరికీ కలిపి ఒక పుస్తకాల అల్మరా ఉంది. ఒక్కొక్కరి గదిలో చిన్న షెల్ఫ్ ఉంది. ఎవరికైనా పుస్తకం కావాలంటే ముందు తన గదిలో చూస్తాడు. లేకపోతే హాల్లోకి వస్తాడు. హాల్లో ఆర్22 పుస్తకం ఉంటే ఆర్22 వాళ్లందరికీ అదొక్కటే చాలు. ఆర్18 అబ్బాయికి అది సరిపోదు కాబట్టి తన పుస్తకం తన గదిలో పెట్టుకుంటాడు.

నోడ్ వెతికే పద్ధతి సరిగ్గా ఇదే. ఒక ఫైల్ ఏదైనా ప్యాకేజీని అడిగితే, ముందు తన పక్కనున్న నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో చూస్తుంది. దొరక్కపోతే ఒక మెట్టు పైకి, అక్కడా లేకపోతే ఇంకో మెట్టు పైకి వెళ్తుంది.

ఎన్‌పీఎం 2 వరకు ప్రతి ప్యాకేజీ తన సరుకంతా తన గదిలోనే పెట్టుకునేది. ఫోల్డర్ లోపల ఫోల్డర్, దాని లోపల మరో ఫోల్డర్. విండోస్‌లో ఫైల్ పాత్ 260 అక్షరాలు దాటి డిలీట్ కూడా కాని పరిస్థితి వచ్చేది. 2015లో వచ్చిన ఎన్‌పీఎం 3 దీన్ని మార్చింది. వీలైనన్ని ప్యాకేజీలను హాల్లోని అల్మరాలోకి తెచ్చింది. దీన్నే హాయిస్టింగ్ అంటారు. వెర్షన్ కుదరనివి మాత్రం లోపలి గదుల్లో ఉండిపోతాయి.

దీనివల్ల ఒక కొత్త ప్రమాదం కూడా వచ్చింది. మీరు ఇన్‌స్టాల్ చేయని ప్యాకేజీ వేరే దాని వెంట వచ్చి హాల్లో కూర్చుంటుంది. మీ కోడ్‌లో దాన్ని ఇంపోర్ట్ చేస్తే పనిచేస్తుంది! రేపు దాన్ని తెచ్చిన ప్యాకేజీ అప్‌డేట్ అయి దాన్ని వదిలేస్తే మీ బిల్డ్ ఆగిపోతుంది. మీరు వాడే ప్రతి ప్యాకేజీ పేరు మీ ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఉండాల్సిందే. పీఎన్‌పీఎం అనే ప్యాకేజీ మేనేజర్ ఈ విషయంలో కచ్చితంగా ఉంటుంది. మీరు పేరు రాయనిదాన్ని మామూలుగా మీ కోడ్‌కు కనిపించనివ్వదు.

రెండు ఉంటే నష్టమేంటి?

కొన్నిసార్లు ఏ నష్టమూ లేదు. తేదీని అందంగా చూపించే ఒక చిన్న ప్యాకేజీ రెండు వెర్షన్లలో ఉంటే, ఎవరి పని వాళ్లు చేసుకుపోతారు. అయితే వెబ్‌ప్యాక్, వైట్ లాంటి బిల్డ్ టూల్స్ ఆ రెండింటినీ బండిల్‌లో చేర్చేస్తాయి. సైట్ బరువు పెరుగుతుంది. సర్వర్ మీద నడిచే కోడ్‌లో ఇది పెద్ద సంగతి కాదు. మొబైల్ డేటాతో సైట్ తెరిచే వాడుకరికి మాత్రం తేడా తెలుస్తుంది.

అసలు చిక్కు, తనలో ఏదో గుర్తుపెట్టుకునే ప్యాకేజీలతో వస్తుంది. హాస్టల్ మెస్‌లో పొరపాటున రెండు రిజిస్టర్లు నడుస్తున్నాయనుకోండి. మీరు ఒకదాంట్లో సంతకం పెట్టారు. మేనేజర్ రెండోది తీసి చూశాడు. మీరు భోజనానికి పేరివ్వలేదనే అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కానీ ప్లేట్‌లో అన్నం పడదు.

రియాక్ట్‌లో జరిగేది ఇదే. 2019లో 16.8 వెర్షన్‌తో హుక్స్ వచ్చాయి. ఇప్పుడు ఏ కాంపొనెంట్ నడుస్తోందన్న సమాచారం రియాక్ట్ తన దగ్గరే పెట్టుకుంటుంది. మీ యాప్ ఒక రియాక్ట్ కాపీని, మీరు తెచ్చుకున్న లైబ్రరీ మరో కాపీని వాడితే 'ఇన్‌వ్యాలిడ్ హుక్ కాల్' అనే ఎర్రర్ వస్తుంది. దీనికి ఉండే మూడు కారణాలను ఆ ఎర్రరే చెబుతుంది. రియాక్ట్‌కూ, రియాక్ట్ డామ్‌కూ వెర్షన్ కుదరకపోవడం. హుక్స్ నియమాలు తప్పడం. ఒకటి కంటే ఎక్కువ రియాక్ట్ కాపీలు ఉండటం. చాలామంది రెండోదాన్ని మాత్రమే పట్టుకుని తమ కోడ్‌లో గంటలకొద్దీ వెతుకుతారు. మూడోది తేలడానికి ఒక కమాండ్ చాలు. అదేమిటో ముందు చూస్తారు.

గ్రాఫ్‌క్యూఎల్ ప్యాకేజీ కూడా అంతే. రెండు కాపీలు ఉంటే ఒకదాంట్లో తయారైన స్కీమాను ఇంకొకటి తనదిగా గుర్తించదు. 'వేరే మాడ్యూల్ నుంచి వచ్చింది' అంటూ ఆగిపోతుంది.

కుక్కర్‌కు తగ్గ గాస్కెట్

అందుకే కొన్ని లైబ్రరీలు 'రియాక్ట్‌ను నేను వెంట తెచ్చుకోను, మీ ఇంట్లో ఉన్నదే వాడుకుంటాను, కాకపోతే ఫలానా వెర్షన్ అయి ఉండాలి' అంటాయి. దీన్నే పీర్ డిపెండెన్సీ అంటారు. గాస్కెట్ కొంటే దాంతో కుక్కర్ రాదు కదా! మీ కుక్కర్ అయిదు లీటర్లదా, మూడు లీటర్లదా చూసి తగినది తెచ్చుకోవాలి. సైజు కుదరకపోతే ఆవిరి పోతుంది.

2020 అక్టోబరుకు ముందు ఎన్‌పీఎం ఈ సైజు తేడాను హెచ్చరికతో వదిలేసేది. ఆ నెలలో వచ్చిన ఎన్‌పీఎం 7 నుంచి పీర్ డిపెండెన్సీలను తనే ఇన్‌స్టాల్ చేస్తోంది. మీరు నేరుగా అడిగిన వాటి మధ్య పొంతన కుదరకపోతే ఆగిపోతోంది. మనం చూసే 'ఈరిజాల్వ్' అదే.

ఒక నిజమైన ఉదాహరణ తీసుకుందాం. పాత యూట్యూబ్ పాఠం చూసి మీ రియాక్ట్ 18 ప్రాజెక్టులో 'మెటీరియల్-యూఐ/కోర్' ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేశారు. ఎర్రర్ వచ్చింది. కంగారు పడకుండా మూడు విషయాలు వెతకండి.

'ఫౌండ్' అన్న చోట: మీ దగ్గర ఇప్పుడున్నది. రియాక్ట్ 18.2.0 అని ఉంటుంది.

'కుడ్ నాట్ రిజాల్వ్ డిపెండెన్సీ' అన్న చోట: కావాల్సింది. పీర్ రియాక్ట్ ^16.8.0 లేదా ^17.0.0 అని ఉంటుంది.

'ఫ్రమ్' అన్న చోట: అడిగినవారు. మెటీరియల్-యూఐ/కోర్ 4.12 అని ఉంటుంది.

అంటే కథ మొత్తం చెప్పేసింది. ఈ ప్యాకేజీ రియాక్ట్ 17 దగ్గరే ఆగిపోయింది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న 'ఎలా బలవంతం చేయాలి?' కాదు, 'దీని కొత్త వెర్షన్ ఏమైంది?' అని. వెతికితే తెలుస్తుంది, 2021 సెప్టెంబరులో అయిదో వెర్షన్‌తో ఈ లైబ్రరీ పేరే మారింది. ఇప్పుడది 'ఎంయూఐ/మెటీరియల్'. పాత పేరుతో ఎంత కొట్టినా కొత్తది రాదు. ఇంపోర్టులు మార్చుకుంటే ఏ ఫోర్సూ లేకుండా ఇన్‌స్టాల్ అవుతుంది.

బిల్డ్ టూల్స్‌లో దాగిన గొడవ

మన కాలేజీ ప్రాజెక్టుల్లో ఇప్పటికీ చాలా కనిపించేది క్రియేట్ రియాక్ట్ యాప్. దీన్ని రియాక్ట్ బృందం 2025 ఫిబ్రవరిలో పక్కన పెట్టేసింది. కొత్త ప్రాజెక్టులకు వద్దు. కానీ సీనియర్ల నుంచి వచ్చిన కోడ్‌లో, కంపెనీల పాత కోడ్‌లో ఇది ఎదురవుతూనే ఉంటుంది.

ఇందులో రియాక్ట్-స్క్రిప్ట్స్ అనే ప్యాకేజీ వెబ్‌ప్యాక్, బేబెల్ లోడర్, ఈఎస్‌లింట్, జెస్ట్ అన్నింటినీ తన కింద పెట్టుకుంటుంది. మీకు కనిపించేది ఒక్క పేరే. 4.0.3 వెర్షన్ అయితే వెబ్‌ప్యాక్ సరిగ్గా 4.44.2 కావాలంటుంది. మీరు వేరే అవసరానికి వెబ్‌ప్యాక్ 5 విడిగా ఇన్‌స్టాల్ చేశారనుకోండి. అది హాల్లోకి చేరుతుంది, 4 లోపలి గదిలోకి పోతుంది. యాప్ మొదలవ్వగానే 'ప్రాజెక్టు డిపెండెన్సీ ట్రీలో సమస్య ఉండొచ్చు' అంటూ పెద్ద మెసేజ్ వస్తుంది. ఈ తనిఖీని ఎగ్గొట్టే సెట్టింగు కూడా ఉంది. చాలామంది అదే వాడేస్తారు. కానీ ఆ మెసేజ్‌ను చివరి వరకు చదివితే వెబ్‌ప్యాక్‌ను ఇంకెవరు తెచ్చారో కనిపెట్టే దారి అందులోనే ఉంటుంది.

ఇంకో విశేషం. ఆ రెండో వెబ్‌ప్యాక్ మీ ప్రాజెక్టు బయట కూడా ఉండొచ్చు! నోడ్ మెట్లెక్కి వెతుకుతుందని చెప్పుకున్నాం కదా. ఎప్పుడో పొరపాటున హోమ్ ఫోల్డర్‌లో నిలబడి ఏదో ఇన్‌స్టాల్ చేసి ఉంటే అక్కడొక నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ మిగిలిపోయి ఉంటుంది. ప్రాజెక్టులో ఎన్నిసార్లు డిలీట్ చేసినా ఎర్రర్ పోదు. ఇలాంటప్పుడు ఒక్కో మెట్టు పైకెళ్లి చూడాలి.

'డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్ అన్‌సపోర్టెడ్' అనే ఎర్రర్ చూశారా? ఇదీ లోపలి గదిలోంచి వచ్చిందే. వెబ్‌ప్యాక్ 4 మామూలుగా ఎండీ4 అనే పాత హ్యాష్ పద్ధతిని వాడుతుంది. 2021 అక్టోబరులో వచ్చిన నోడ్ 17 ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3కు మారింది. అది ఎండీ4ను మామూలుగా అనుమతించదు. పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పద్ధతిని తెరిచే సెట్టింగుతో తాత్కాలికంగా గట్టెక్కొచ్చు. కానీ అసలు మందు, వెబ్‌ప్యాక్‌ను తెచ్చిన రియాక్ట్-స్క్రిప్ట్స్‌ను 5కు మార్చడం. దాంతో వెబ్‌ప్యాక్ 5 వస్తుంది. గొడవ పిల్లలదైనా మాట్లాడాల్సింది వాళ్లను తెచ్చిన పెద్దలతో అన్నమాట.

అడ్డదారితో ఏమవుతుంది?

ఈరిజాల్వ్ మెసేజ్ చివర్లో ఎన్‌పీఎం తనే రెండు దారులు చూపిస్తుంది. '--ఫోర్స్', '--లెగసీ-పీర్-డెప్స్'. మొదటిది, గొడవ ఉన్నా సరే కానిచ్చేయమని చెప్పడం. రెండోది, పీర్ డిపెండెన్సీలను అసలు లెక్కలోకే తీసుకోవద్దని చెప్పడం. రెండింటిలోనూ గొడవ తీరదు, కనిపించకుండా పోతుంది.

మీ ల్యాప్‌టాప్‌లో లెగసీ-పీర్-డెప్స్‌తో ఇన్‌స్టాల్ చేశారు, యాప్ నడిచింది. కోడ్ గిట్‌హబ్‌లోకి పంపారు. డిప్లాయ్ చేసే సర్వర్‌కు మీరు వాడిన ఆ మాట తెలియదు. అది మామూలుగా ఇన్‌స్టాల్ చేయబోయి ఆగిపోతుంది. 'నా దగ్గర నడుస్తోంది సార్' అనే మాట చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. ఇంటర్వ్యూ చేసే వ్యక్తి మెషీన్‌లో జరిగేదీ అదే.

ఒక్కోసారి వేరే దారి ఉండదు. లైబ్రరీ రాసినవాళ్లు కొత్త రియాక్ట్‌కు తమ ప్యాకేజీ పనిచేస్తుందని ఇంకా ప్రకటించి ఉండరు, పరీక్షిస్తే పనిచేస్తుంది. అప్పుడు వాడండి. కానీ ఆ సెట్టింగును ప్రాజెక్టులోని ఎన్‌పీఎంఆర్‌సీ ఫైల్‌లో రాయండి, ఎందుకు వాడారో రీడ్‌మీలో ఒక వాక్యం పెట్టండి. అప్పుడు సర్వర్‌కూ, మీ టీమ్‌కూ ఒకే దారి ఉంటుంది.

ఈ వరుసలో వెళ్లండి

1. మెసేజ్ మొత్తం చదవండి. ఉన్నది ఏది, కావాల్సింది ఏది, అడిగింది ఎవరు? ఈ మూడూ కాగితం మీద రాసుకోండి.

2. చెట్టు చూడండి. 'ఎన్‌పీఎం ఎల్ఎస్ రియాక్ట్' అని కొడితే రియాక్ట్ ఎన్నిచోట్ల ఉందో, ఏ వెర్షనో, ఎవరి కింద ఉందో కనిపిస్తుంది. పక్కన 'డీడ్యూప్డ్' అని ఉంటే వేరే చోటున్న కాపీనే పంచుకుంటోందని. 'ఇన్‌వ్యాలిడ్' అంటే అడిగిన దానికీ ఉన్నదానికీ పొంతన లేదని. 'ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్' పక్కన ప్యాకేజీ పేరు కొడితే అదెందుకు వచ్చిందో కింది నుంచి పైకి చెబుతుంది.

3. రెండు కాపీలు ఉండొచ్చా, ఉండకూడదా తేల్చుకోండి. చిన్న యుటిలిటీ అయితే వదిలేయొచ్చు. రియాక్ట్, గ్రాఫ్‌క్యూఎల్ లాంటివైతే ఒక్కటే ఉండాలి.

4. అడిగినవారిని అప్‌డేట్ చేయండి. చాలా గొడవలు ఇక్కడే తీరిపోతాయి. మేజర్ అంకె మారుతుంటే ఆ ప్యాకేజీ మైగ్రేషన్ గైడ్ చదివాకే మార్చండి.

5. 'ఎన్‌పీఎం డీడ్యూప్' ప్రయత్నించండి. ఇద్దరికీ సరిపోయే వెర్షన్ ఉండి కూడా రెండు కాపీలు మిగిలిపోతే వాటిని కలిపేస్తుంది.

6. అప్పటికీ కుదరకపోతే ఓవర్‌రైడ్స్. ఎన్‌పీఎం 8.3 నుంచి ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఈ సౌకర్యం ఉంది. చెట్టులో ఎంత లోతున్నా ఫలానా ప్యాకేజీ ఫలానా వెర్షనే ఉండాలని రాయొచ్చు. యార్న్‌లో దీని పేరు రిజల్యూషన్స్. కానీ ఇక్కడ బాధ్యత మీది. ఆ ప్యాకేజీని అడిగినవారు ఈ వెర్షన్‌తో పరీక్షించి ఉండరు. కాబట్టి మీరే పరీక్షించాలి.

7. వైట్ వాడుతుంటే సెట్టింగుల్లో 'రిజాల్వ్ డీడ్యూప్' ఉంది. వెబ్‌ప్యాక్‌లో ఏలియస్ ఉంది. బండిల్‌లో ఒకే కాపీ ఉండేలా ఇవి చూస్తాయి. లోకల్‌గా లింక్ చేసుకున్న లైబ్రరీతో రెండో రియాక్ట్ వచ్చి చేరినప్పుడు ఇవి బాగా ఉపయోగపడతాయి.

ఫోర్స్ ఈ జాబితాలో లేదని గమనించారా? ఏడూ అయిపోయాకే దాని వంతు.

లాక్ ఫైల్‌ను పారేయకండి

ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఉండేది 'ఇంత నుంచి ఇంతలోపు' అనే పరిధి. ఈ రోజు ఇన్‌స్టాల్ చేస్తే ఒకటి, వచ్చే నెల చేస్తే ఇంకోటి రావొచ్చు. 2016లో వచ్చిన యార్న్ లాక్ ఫైల్‌తో దీనికి అడ్డుకట్ట వేసింది. 2017లో ఎన్‌పీఎం 5 ప్యాకేజ్-లాక్ ఫైల్ తెచ్చింది. చెట్టులో ప్రతి కొమ్మ సరిగ్గా ఏ వెర్షనో అందులో రాసి ఉంటుంది.

ఎర్రర్ రాగానే ఈ ఫైల్‌ను డిలీట్ చేయమనే సలహా నెట్ నిండా ఉంటుంది. అది డిలీట్ చేయడమంటే నిన్నటిదాకా పనిచేసిన కలయిక తాలూకు రికార్డును చించేయడమే. గొడవ తీరినా తీరకపోయినా, కొత్తగా పదులకొద్దీ ప్యాకేజీలు మారిపోతాయి. అందుకే లాక్ ఫైల్‌ను తప్పకుండా గిట్‌లో ఉంచండి. టీమ్‌లో ఒకరు యార్న్, ఒకరు ఎన్‌పీఎం వాడుతూ రెండు లాక్ ఫైళ్లు పెట్టుకోకండి. డిప్లాయ్ చేసేటప్పుడు 'ఎన్‌పీఎం సీఐ' వాడండి. అది పాత నోడ్ మాడ్యూల్స్‌ను తీసేసి, లాక్ ఫైల్‌లో ఉన్నది ఉన్నట్టు పెడుతుంది. రెండు ఫైళ్లకూ పొంతన లేకపోతే అక్కడే ఆగి చెబుతుంది.

ఇంటర్వ్యూలో ఎలా పనికొస్తుంది?

ఫ్రెషర్‌గా చేరినవారికి చాలాసార్లు ఖాళీ ఫోల్డర్ ఇవ్వరు. ఎవరెవరో కొన్నేళ్లుగా రాసిన కోడ్ ఇస్తారు. దాన్ని మీ మెషీన్‌లో నడిపించడమే మొదటి పని. అక్కడ చెట్టు చదవగలిగినవారు త్వరగా పనిలో పడతారు.

'మీ ప్రాజెక్టులో ఎదురైన కష్టమైన సమస్య చెప్పండి' అనే ప్రశ్న దాదాపు ప్రతి ఇంటర్వ్యూలో ఉంటుంది. 'వెర్షన్ ఇష్యూ వచ్చింది, ఫోర్స్‌తో ఇన్‌స్టాల్ చేశా' అంటే సంభాషణ అక్కడే ముగుస్తుంది. అదే 'ఇన్‌వ్యాలిడ్ హుక్ కాల్ వచ్చింది. నా కోడ్‌లో హుక్స్ సరిగానే ఉన్నాయని చూశాను. ఎన్‌పీఎం ఎల్ఎస్‌తో చూస్తే రెండు రియాక్ట్‌లు కనిపించాయి. ఒక లైబ్రరీ రియాక్ట్‌ను పీర్‌గా కాకుండా మామూలు డిపెండెన్సీగా పెట్టుకుంది. దాని కొత్త వెర్షన్‌లో సరిచేశారు కాబట్టి అప్‌డేట్ చేశాను' అని చెప్పారనుకోండి. లక్షణం, అనుమానం, ఆధారం, పరిష్కారం నాలుగూ వచ్చేశాయి. అవతలివారికి కావాల్సింది ఆ ఆలోచనా క్రమమే. నిజంగా చేసింది మాత్రమే చెప్పండి. వెంటనే వచ్చే తర్వాతి ప్రశ్నకు బట్టీ పట్టిన జవాబు నిలవదు.

ఈ వారం ఇది చేసి చూడండి

సీనియర్లు రెండుమూడేళ్ల కిందట చేసిన ఒక రియాక్ట్ ప్రాజెక్టును దించుకోండి. అలాగే ఇన్‌స్టాల్ చేయండి. వచ్చిన ప్రతి ఎర్రర్‌కూ ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: ఉన్నది, కావాల్సింది, అడిగింది ఎవరు. ఫోర్స్ ముట్టుకోకుండా దాన్ని నడిపించేవరకు వదలకండి. ఒకట్రెండు సాయంత్రాలు పట్టొచ్చు.

తర్వాత మీ సొంత ప్రాజెక్టు వంతు. గిట్‌హబ్ నుంచి కొత్త ఫోల్డర్‌లోకి దించుకుని, 'ఎన్‌పీఎం సీఐ' కొట్టి, రీడ్‌మీలో మీరే రాసిన సూచనల ప్రకారం మాత్రమే నడపండి. వీలైతే మీ ల్యాప్‌టాప్‌లో కాదు, మీ రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో. అక్కడ నడిచాకే ఆ లింకును రెజ్యూమేలో పెట్టండి.